అక్క రొమ్ములో సిలికాన్

మంగళవారం, రాత్రి

ఇవాళ అక్కను బెజవాడ తీసుకెళ్లి రెండో డాక్టరుకు చూపించాను. క్యాన్సర్ వచ్చి ఎడమ రొమ్ము తీసేశాక అక్కడ సిలికాన్ ఇంప్లాంట్ పెట్టించుకుంది. కొన్నాళ్లుగా ఒళ్లంతా నీరసం, కీళ్లనొప్పులు. కూచిపూడిలో పిల్లలకు నాట్యం నేర్పే మనిషి, ఇప్పుడు కుర్చీలో కూర్చుని నోటితోనే జతులు చెబుతోంది.

మొదటి డాక్టరు గారు స్కాన్ చూసి ఇంప్లాంట్ బాగానే ఉందని, నొప్పులకు అది కారణం కాదని తేల్చేశారు. ఇవాళ్టి డాక్టరమ్మ మాత్రం, "ఇంప్లాంట్ తీసేశాక కొంతమందికి తగ్గిందమ్మా, కొంతమందికి తగ్గలేదు. మీకు తగ్గుతుందని నేను మాటివ్వలేను" అన్నారు. ఆవిడ ఉన్నమాట చెప్పినందుకు సంతోషించాలో, ఏడవాలో తెలియలేదు. నెట్‌లో చూస్తే ఒకరు అది విషమంటారు, ఇంకొకరు అంతా మన భయమేనంటారు. ఎవరిని నమ్మను?

తిరిగొచ్చేటప్పుడు బస్సులో, ఉయ్యూరు దాటాక అక్క మెల్లగా అంది.

"ఇది పెట్టాకే కదే మళ్లీ అద్దం ముందు నిలబడగలిగాను. తీయించేశాక కూడా నొప్పులు అలాగే ఉంటే?"

ఆమె చేతివేళ్లు ఉబ్బి ఉన్నాయి. నా చేతిలోకి తీసుకుని నిమురుతూ కూర్చున్నాను.

"నువ్వయితే ఏం చేస్తావే?" అని అడిగింది.

"నీ ఇష్టం అక్కా" అన్నాను.

"అందరూ అదే అంటున్నారు" అంటూ చెయ్యి వెనక్కి తీసుకుని కిటికీ వైపు తిరిగింది.