గంప కింద కోళ్ళు

మంగళవారం. మైపాడు నుంచి వచ్చాక.

ఒళ్ళంతా ఉప్పుగాలి జిగురు. స్నానం చేసే ఓపిక కూడా లేదు. కానీ ఇది రాయకపోతే నిద్ర పట్టదు.

మేకలు పెంచే రమణమ్మక్క ఇంటికి వెళ్ళడం ఇది నాలుగో వారం. సరుగుడు తోటల్లో మేసి వచ్చే ఆమె మేకలకు పట్టి రక్తం తాగే గోమార్లలో జ్వరం తెచ్చే బ్యాక్టీరియా ఉందేమో చూడటం నా పని. ఏరి వేయమని నేనిచ్చిన సీసాలో వారం వారం గోమార్లు పెరుగుతుంటే, ఈ తోటల్లోనే ఎక్కువున్నాయని నోట్‌బుక్‌లో సంబరంగా రాసుకున్నాను.

ఈరోజు వాకిట్లో కోళ్ళు గంప కింద గోల చేస్తున్నాయి. పట్టపగలు ఎందుకు మూశారని అడిగాను.

"వదిలితే మేకల మీదెక్కి గోమార్లన్నీ పొడుచుకు తినేస్తాయి మేడమ్. మీకు కావాలంటిరి గదా, అందుకే మూసిపెట్టినా. నేనే ఏరతా ఉండా."

"నేనిచ్చిన గ్లవ్స్ వేసుకుంటున్నారా అక్కా?"

"అవి తొడుక్కుంటే గోమారి చేతికి చిక్కదు మేడమ్."

ఆమె చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. రెండు రోజులుగా జ్వరమట. జీపెక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళి, గోమార్ల సంగతి డాక్టరుకు నేనే చెప్పాను. మందులు మొదలుపెట్టారు. మామూలు జ్వరమే కావచ్చు. కాకపోతే...

కోళ్ళను మూయబట్టి పెరిగిన ఈ నెల రోజుల లెక్కలు కొట్టేసి మళ్ళీ రాసుకోవచ్చు. అది పెద్ద సంగతి కాదు.

వచ్చేముందు, ఇంటికెళ్ళగానే కోళ్ళను వదిలేయమని చెప్పాను.

"మరి మీ సీసా నిండదు గదా మేడమ్" అంది, సెలైన్ ఎక్కుతున్న చెయ్యి కదపకుండా.