బిడ్డ లేని మరియమ్మ

జూన్ 2
ఇది ఇప్పుడే రాయాలి. ఎల్లుండి నుంచి నేను మరియ తల్లి విగ్రహానికి కొత్త బిడ్డను చెక్కాలి. అక్క రోజూ మధ్యాహ్నం నాకు అన్నం తెస్తుంది. ఈ రెండూ ఒకే చోట ఎలా జరుగుతాయో తోచడం లేదు. ఎవరితోనైనా అనేస్తే తేలికయ్యేది. అనడానికి ఎవరూ లేరు.

చర్చికి సున్నం వేసేవాళ్ల నిచ్చెన జారి విగ్రహం మీద పడిందట. తల్లికి గీత కూడా పడలేదు. బాలయేసు మాత్రం పనికిరాకుండా ముక్కలయ్యాడు. నెలాఖరుకి ఆమె మళ్లీ పీఠం ఎక్కాలి. ప్రస్తుతం మా వర్క్‌షాప్ కిటికీ పక్కన నిలబడి ఉంది. ఎడమ చెయ్యి మడిచి ఉంది, అందులో ఏమీ లేదు.

శిల్పంలో డిప్లొమా చదివినదానివి, బిడ్డ పని నీదే అన్నారు మేస్త్రి. తనకు ముసలి సెయింట్లే కుదురుతారు, తప్పులన్నీ గడ్డంలో దాక్కుంటాయి అన్నారు.

జూన్ 4
అక్క చూసింది. క్యారియర్ కింద పెట్టి విగ్రహం దగ్గరికి వెళ్లింది. ఈవిడా నాలాగే అయిందే అంది. నవ్వుతూనే అంది.

అక్కకు మూడుసార్లు కడుపు పోయింది. మూడోది ఆరో నెలలో. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. ఎత్తబోతే అన్నం చల్లారిపోతోంది, తిను అంటారు.

జూన్ 5
ఇన్నాళ్లూ గుమ్మంలో క్యారియర్ ఇచ్చి వెళ్లిపోయేది. ఈరోజు విగ్రహం పక్కన కూర్చుని నాతోపాటు తింది.

జూన్ 7, సాయంత్రం
మధ్యాహ్నం అన్నాలయ్యాక ఫాదర్ వచ్చారు. నాకంత ధైర్యం ఎక్కడిదో, ఇలాగే ఉంచేస్తే ఏమవుతుంది ఫాదర్ అని అడిగేశాను. ఆయన కోప్పడలేదు. బిడ్డ లేకపోతే ఈవిడ ఎవరో జనానికి ఎలా తెలుస్తుందమ్మా అన్నారు.

సరైన మాటే. కానీ అక్క అక్కడే గిన్నెలు సర్దుతోంది. ఫాదర్ చూడలేదు.

జూన్ 8
అక్క రాలేదు. బావ చేత క్యారియర్ పంపింది.

జూన్ 10, ఆదివారం
మరియమ్మ తల్లి అయింది కన్నప్పుడు కాదు, దేవదూతతో సరే అన్నప్పుడే అని ఫాదర్ ప్రసంగంలో చెప్పారు. అందుకే తల్లితనం పవిత్రం అన్నారు. అక్క నా చెవి దగ్గరికి వంగి, మరి నేనూ మూడుసార్లు సరే అన్నానుగా అంది.

తర్వాతి ప్రార్థన ఒక్క ముక్క వినపడలేదు. రెండు మాటలూ ఫాదర్‌వే. ఏది పట్టుకోవాలి? చేతిలో బిడ్డ ఉండాలా, సరే అంటే చాలా? చాలితే నేను చెక్కుతున్నది ఎందుకు? డిప్లొమాలో పసిపిల్లల కొలతలు నేర్పారు. ఇది నేర్పలేదు. మా ఇంట్లో నాకన్నా ముందు చదివినవాళ్లు లేరు, అడుగుదామంటే.

జూన్ 13
బిడ్డ ఒళ్లు అయింది. తల ఎటు వాలాలో తేలడం లేదు. తెలివితక్కువ పని చేశాను. అక్క మళ్లీ వచ్చిన సంతోషంలో, బిడ్డను ఎలా ఎత్తుకుంటారో చూపించవే అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

అక్క ఏమీ అనుకోలేదు. నా ఏప్రాన్ చుట్టచుట్టి మోచేతి మడతలో పెట్టుకుంది, అరచెయ్యి వీపు కింద. అచ్చం విగ్రహంలాగే. నీకెలా తెలుసు అన్నాను. అమ్మ పనికెళితే నిన్ను మోసిందెవరనుకున్నావు, చంక దిగితే కదా నువ్వు, నీ పుణ్యమా అని నేను బడి మొహమే చూడలేదు అంది. నిష్ఠూరంగా కాదు, ఆటపట్టిస్తూ.

నవ్వాలో వద్దో తెలియక స్కెచ్ వేసుకున్నాను.

జూన్ 16
బిడ్డ పూర్తయింది. రంగు ఆరింది. మేస్త్రి అటూ ఇటూ తిప్పి చూసి, వీడికి ఆకలేస్తున్నట్టుందే అన్నారు. ఆయన మెచ్చుకోవడం అలాగే ఉంటుంది. సోమవారం అతికించాలి.

ఒక్కసారి ఎత్తుకోనా అని అక్క అడిగింది. ఇచ్చాను. ముఖం మీద ఎండ పడుతోందని తువ్వాలు కప్పింది. నేను బ్రష్‌లు కడగడానికి వెళ్లాను.

జూన్ 18
ఫాదర్ గారికి ఈ చీటీ రాశాను:
బిడ్డ వర్క్‌షాప్‌లో లేడు. అక్క దగ్గర ఉన్నాడు. వెళ్లి అడగమంటారా, ఇంకొకరిని చెక్కమంటారా? చెక్కడానికి పది రోజులైనా కావాలి, దయచేసి ఇరవయ్యో తేదీలోగా చెప్పండి.