ఎర్ర ఇటుకల కారు

జూన్ 29, 2003. ఆదివారం

ఈ రోజు అన్యాయం జరిగింది. చేసినవాడు రఘునందన్ — హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ మోడల్ కార్ల క్లబ్బు సెక్రటరీ.

ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన రిమోట్ కార్లకు పందెం అని ప్రకటించింది వాళ్లే. జిగురు వాడకూడదు, స్క్రూలు వాడకూడదు, మోటారూ రిమోటూ ఎక్కడివైనా సరే అన్నదీ వాళ్లే. నేను అన్నీ పాటించాను. కారును గీత మీద పెట్టాను. రఘునందన్ వచ్చి ఎత్తాడు. ముందు భాగంలో ఒక ఇటుకను రెండు వేళ్లతో గిల్లి ఊడదీశాడు. వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇది బజారు సరుకు తమ్ముడూ. డూప్లికేట్. కంపెనీ పెట్టెలో వచ్చిన ఇటుకలైతేనే పందెం."

గోడకు అంటించిన నియమాల్లో ఆ మాట లేదు. పెన్ను తీసి అప్పటికప్పుడు రాశాడు. నా కారును సుద్దగీత అవతల పెట్టాడు — అందరూ విప్పిన చెప్పుల పక్కన.

అరిచాను. ఏం అరిచానో సగం గుర్తు లేదు. శ్రమ అన్నాను, దోపిడీ అన్నాను, పెట్టుబడి అని కూడా అన్నట్టున్నాను. అపార్ట్‌మెంటు వాళ్లు బాల్కనీల్లోకి వచ్చి చూశారు. వనజక్క చొక్కా పట్టి లాగింది. "రారా. బస్సు పోతాది."

ఊడదీసిన ఇటుక వాడి చేతిలోనే ఉండిపోయింది.

జూన్ 30

కోపం తగ్గలేదు. తగ్గకూడదు కూడా.

కాలేజీ నుంచి రాగానే కరపత్రం రాశాను. రెండు పేజీలు. అవెన్యూ రోడ్డు ఫుట్‌పాత్ మీద కొన్న చిన్న పుస్తకాలన్నీ ముందేసుకుని రాశాను. ఉత్పత్తి సాధనాలు ఎవరి చేతిలో ఉంటే నియమాలు వాళ్లవే... బాగా వచ్చింది.

అక్కకు చూపించాను. బడి పిల్లల లెక్కల పేపర్లు దిద్దుతోంది. అదే ఎర్ర పెన్నుతో చదివింది.

"బాగుండాది. కారు అనే మాట ఒక్క తూరన్నా వచ్చింటే ఇంకా బాగుండేది."

జూలై 2

ఊడదీసిన చోట ఇంకో ఇటుక పెట్టి కారును ఇంట్లో నడిపి చూశాం. నడవా నేరుగా దాటింది. వంటింటి దగ్గర మలుపు తిప్పాను. విడిపోయింది. ఎక్కడా తగల్లేదు, దేనికీ గుద్దుకోలేదు — దానంతట అదే. ఇటుకలు బీరువా కిందికి, దేవుడి గూటి కిందికి.

అక్క చీపురు తెచ్చి బీరువా కింది ఇటుకలు లాగింది.

క్లబ్బులో పరిగెత్తి ఉంటే అందరి ముందూ ఇలాగే విడిపోయేది. అయినా అన్యాయం అన్యాయమే.

జూలై 3

నిర్ణయం: మన పందెం మనమే పెడతాం. ఇక్కడే, మన నగర్తపేటలో.

వీధి చివరి కల్యాణ మంటపం ఆషాఢమంతా ఖాళీ. పెళ్లిళ్లు లేవు. భోజనాల హాలు పొడుగ్గా, నున్నగా, నాలుగు మలుపులు వేసుకునేంత ఉంది. మేనేజరు సుబ్బన్నను అడిగాను.

"ఆడుకోండప్పా. స్తంభాలకు గుద్దొద్దు. శ్రావణం పుట్టినాక నా మొగం కూడా చూడొద్దు."

అంటే ఈ నెలాఖరు లోపల. ఆఖరి ఆదివారం, జూలై 27. ఆ రోజుకు నా కారు నాలుగు మలుపులూ విడిపోకుండా తిరగాలి. పందెం పిలిచినవాడి కారే చెదిరిపోతే రఘునందన్ మాటే నెగ్గినట్టు — బజారు సరుకు!

జూలై 5

మళ్లీ మొదటి నుంచి. అడుగుభాగం గోడ కట్టినట్టు కట్టాలి. ఇన్నాళ్లూ ఇటుక మీద ఇటుక నిలువుగా పేర్చాను, అతుకు మీద అతుకు పడింది. ఇప్పుడు సగం జరిపి సగం. పైనొక పొర అడ్డంగా, కిందొక పొర అడ్డంగా — కట్టెల మోపును రెండు తాళ్లతో బిగించినట్టు.

బ్యాటరీ కిందికి దింపాను. పైన ఉంటే ఒరుగుతోంది.

నడిపాను. మొదటి మలుపు దాటింది. రెండో దాంట్లో విడిపోయింది.

జూలై 6

విడిపోయింది.

జూలై 8

అక్క: "అన్నీ ఎరుపే ఎందుకురా?"

చెప్పబోయాను. ఎరుపు అంటే —

"తెలుసులే. నీ పుస్తకాల అట్టలన్నీ అదే రంగు."

నిజమే, మొదటి రోజే నిర్ణయించుకున్నాను. మా వీధిలో నాగప్ప మామ అంగడిలో ఇటుకలు మూటల్లో ఉంటాయి, కిలోల లెక్కన. అన్ని రంగులూ కలిసిన మూట నుంచి ఎర్రవే ఏరుకున్నాను. ఒక మధ్యాహ్నమంతా పట్టింది. మామ నవ్వుతూ చూశాడు. "పెండ్లికూతురి మాదిరి ఎరుపెందుకప్పా కారుకి?"

అక్కకు ఏం అనుమానమో. మామ దగ్గరి నుంచి అన్ని రంగుల ఇటుకలూ గుప్పెడు, నాన్న గుండీల అంగడి నుంచి తక్కెడ రాళ్లు తెచ్చింది. రెండు తెల్ల ఇటుకలు ఒకదానికొకటి బిగించి, పైదాన్ని కిటికీ ఊచకు దారంతో కట్టింది. కిందిదానికి సంచి వేలాడదీసింది. సంచిలో ఒక్కో రాయీ వేస్తూ పోయింది. తెల్లవి చాలాసేపు ఓర్చుకున్నాయి. పసుపు కొంచెం తక్కువ. నీలం దాదాపు అంతే.

ఎరుపు మొదటి రాయికే జారింది.

"తప్పు కట్టావు" అన్నాను. నేనే కట్టాను. జారింది. కొత్త జత తీసుకున్నాను. జారింది. మూడోది... రాయి వేయకముందే, ఖాళీ సంచికే.

జూలై 9

నాగప్ప మామను అడిగాను. అంగడి వెనకే ఇటుకలు పోసే మిషన్లు. చప్పుడులో ఇద్దరం అరుచుకుంటూ మాట్లాడుకున్నాం.

"పిల్లోళ్లంతా ఎరుపే అడుగుతారప్పా! ఆ మిషన్ నిలిపిందే లేదు. అచ్చు అరిగిపోయిండాది. కొత్తది చెక్కియ్యల్ల, చెక్కియ్యల్ల అనుకుంటానే ఉండాను."

అందరికీ కావలసిన రంగు. అందుకే వదులు.

దీని మీద ఏదైనా రాయాలనిపించింది. రాయలేదు.

జూలై 11

కారును ముట్టుకోలేదు. నిన్నా ముట్టుకోలేదు.

ఎర్ర కారు నగర్తపేటలో తిరుగుతుంటే ఎలా ఉండేదో నాకు తెలుసు. ఎన్నిసార్లు కళ్లు మూసుకుని చూశానో! తెల్లకారు ఆస్పత్రి బండిలా ఉంటుంది. పసుపుది ఆటోలా.

అక్క గడపలో నిలబడి: "జెండా కావాల్నా, కారు కావాల్నా? చెప్పు. జెండా అయితే నేను కుట్టిస్తాను."

తలుపు ధడాలున వేశాను. అమ్మ లోపలి నుంచి "ఏం గలాటా రా అది!"

జూలై 12

కట్టాను. అడుగున తెలుపు, మధ్యలో పసుపు, ఇరుసులు పట్టుకునే చోట మళ్లీ తెలుపు, పైన నీలం. ఎరుపు ఎక్కడా బరువు మొయ్యడం లేదు. డ్రైవరు కూర్చునే చోట ఒకే ఒకటి పెట్టాను. అది ఊడినా కారు పోదు.

అక్క పేరు పెట్టేసింది — బొంత.

మంటపం హాల్లో నడిపాం. రెండో మలుపు దాటింది! మూడో దాంట్లో ముందరి ఎడమ మూల విచ్చుకుంది. కానీ మొత్తం చెదరలేదు. సుబ్బన్న స్తంభం చాటు నుంచి చప్పట్లు కొట్టాడు.

జూలై 14

వెనక రెండు చక్రాలూ మోటారుతో తిరుగుతుంటే మలుపులో కారు మొరాయిస్తోంది. బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. రెండూ ఒకే ఇరుసు మీద బిగిస్తే ఎట్లా? ఇద్దరినీ ఒకే అడుగు వేయమంటే ఒకడు ఈడ్చుకుపోవాల్సిందే.

ఒక చక్రానికే మోటారు ఇచ్చాను. రెండోది దాని ఇష్టం. ఇప్పుడు మలుపు సులువు, కానీ నేరుగా పోయేటప్పుడు పక్కకు లాగుతోంది.

సాయంత్రం తట్టింది. మన హాల్లో మలుపులన్నీ ఎడమకే! కుడి చక్రానికి మోటారు ఇస్తే కారు తనంతట తానే ఎడమకు లాగుతుంది. లాగనీ. నేరు దారిలో మాత్రం రిమోట్‌తో కాస్త కుడికి పట్టుకుంటే చాలు.

ఎవరికైనా చెప్పాలి. అక్క బడి నుంచి రాలేదు. నాగప్ప మామకు చెప్పాను. అర్థం కాలేదు, అయినా సంతోషించాడు.

జూలై 16

ప్రవీణ్ వచ్చాడు. గుంటూరు అబ్బాయి, ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం, రఘునందన్ క్లబ్బులో సభ్యుడు. ఆ రోజు గీత దగ్గరే నిలబడి నోరు మెదపనివాడు. అడ్రసు కనుక్కుంటూ బైకు మీద వచ్చాడు. చేతిలో తన కారు — పెట్టె ఇటుకలది, అద్దంలా మెరుస్తోంది.

"సారీ బాస్. ఆ రోజు మాట్లాడాల్సింది. వీకెండ్‌లో గొడవెందుకులే అనుకున్నా."

అక్క కాఫీ ఇచ్చింది. వాడు బొంతను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"సింగిల్ వీల్ డ్రైవా! కేక ఐడియా బాస్. కానీ రఘు అన్నదీ ఒక పాయింటే. టెక్నికల్‌గా ఇటుక కాపీయే కదా?"

లేచాను. అక్క ముందే అందుకుంది — "ఇడ్లీ తట్ట అందరిండ్లలో ఒకటే మాదిరి ఉండాదప్పా. ఇడ్లీలు ఒకటే మాదిరి ఉండాయా?"

వాడు గట్టిగా నవ్వాడు. "మా హాస్టల్లో తినలేదు మీరు" అన్నాడు. నేను కూర్చున్నాను.

కానీ వాడి మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. అచ్చు కాపీయే. అది అబద్ధమని ఎట్లా అంటాను? కారు మాత్రం ఎవరిదీ కాపీ కాదు. రెండూ నిజమే. చిన్న పుస్తకాల్లో ఇట్లాంటిదానికి ఒక్క పేజీ లేదు.

జూలై 18

ప్రవీణ్ మళ్లీ వచ్చాడు. మంటపంలో రెండు కార్లూ పక్కపక్కన నడిపాం. నేరు దారిలో వాడిది ముందు. మలుపులో బొంత ముందు. మూడో మలుపులో మూల విచ్చుకుంది. ఎప్పుడూ అదే మూల, ముందరి ఎడమది. అక్కడ చక్రం తిరగడానికి చోటు వదలాలి, అందుకని ఇటుకను ఇటుక పట్టుకునే చోటు తక్కువ.

వాడు జేబులోంచి నాలుగు ఇటుకలు తీశాడు. పెట్టెవి. "ఇవి పెట్టు. టైట్ అవుద్ది." మన ఇటుకల మధ్య సరిగ్గా కూర్చున్నాయి, టక్కుమని. నాలుగు మలుపులూ తిరిగాం. మళ్లీ తిరిగాం. మూల కదల్లేదు.

ఊడదీసి తిరిగిచ్చాను. మొత్తం నగర్తపేట ఇటుకలతోనే కట్టాలి, లేకపోతే పందెం ఎందుకు?

"నీ ఇష్టం గురూ" అన్నాడు. పోతూ ఆ నాలుగూ కిటికీలో పెట్టి పోయాడు.

జూలై 20

మూల కోసం ఆరాటం. పొడుగు ఇటుక పెట్టాను — చక్రానికి తగులుతోంది. ఇరుసు వెనక్కి జరిపాను — మలుపు వెడల్పయింది. తెల్లవాటిలో గట్టివి ఏరి పెట్టాను. కాస్త నయం. కాస్తే.

జూలై 21

పందెం ప్రకటన రాశాను. ఈసారి కారు అనే మాట ఉంది. మొదటి నియమం: పెట్టె ఇటుకలకు ప్రవేశం లేదు.

అక్క చదివి కాగితం మడిచి ఇచ్చింది. "దీని కింద రఘునందన్ సంతకం ఒకటి పెడితే సరిపోతాది."

"అదీ ఇదీ ఒకటేనా? వాళ్లు మనల్ని తోశారు. మనం —"

"మనం?"

చెప్పడానికి చాలా ఉంది. మేడ మీదికి పోయి, తీగలకు చిక్కిన గాలిపటాల దారాలు తెంపుకుంటూ చాలాసేపు తిరిగాను. దిగి వచ్చి ఆ వాక్యం కొట్టేశాను. అక్కకు చూపించలేదు. తనే చూసుకుంటుంది.

జూలై 23

హెచ్‌ఎస్‌ఆర్ పోయాను. ఒక్కణ్నే. రఘునందన్ ఇంటికి.

బాల్కనీలో కుండీలకు నీళ్లు పోస్తున్నాడు. ఇంట్లో వేసుకునే పాత టీషర్టు, దాని మీద సబ్బు మరక. ఇట్లాంటి మనిషి మీద కోపం నిలబెట్టుకోవడం కష్టం. అయినా నిలబెట్టుకున్నాను. "మాకు ఆదివారం పందెం ఉంది. పిలవడానికి వచ్చాను."

"క్లబ్బుకు ఒక స్టాండర్డ్ అనేది ఉండాలి కదా తమ్ముడూ. నువ్వేమో ఆ రోజు —"

"నేను అడగడానికి రాలేదు సార్. పిలవడానికి వచ్చాను."

నీళ్ల మగ్గు కింద పెట్టాడు. "ప్రవీణ్ చెప్పాడు. ఒక చక్రంతోనా? మలుపులో ఎట్లా నిలబడుతుంది అది?"

నిలబడదని ఎట్లా చెప్పను, నిలబడుతుందని ఎట్లా చెప్పను. "వచ్చి చూడండి."

"చూద్దాంలే."

వస్తాడో రాడో. కాఫీ తాగుతావా అని అడిగాడు. వద్దన్నాను. కింద మెట్లు దిగాక తాగి ఉండాల్సిందేమో అనిపించింది.

జూలై 25

జెరాక్స్ వేయించాలి, రేపు పంచాలి. బొంత పొద్దున పదిసార్లయినా తిరిగి ఉంటుంది. కొన్నిసార్లు నిలబడింది. కొన్నిసార్లు మూల విచ్చుకుంది. ఎప్పుడు నిలబడుతుందో, ఎప్పుడు విచ్చుకుంటుందో నాకు తెలియడం లేదు.

అక్క అడిగింది, నియమాల్లో విరిగిన కార్ల సంగతి ఏమని. కూర్చుని రాశాను: విరిగితే అక్కడే కట్టుకోవచ్చు. ఇటుక తక్కువైతే పక్కవాళ్లను అడగాలి. అడిగితే ఇవ్వాలి.

రాశాక పెన్ను ఆగింది. ఇవ్వడం నాకు వచ్చు. అడగడం... కిటికీలో ఆ నాలుగు ఇటుకలూ అట్లాగే ఉన్నాయి. అక్క తుడిచి మళ్లీ అక్కడే పెట్టినట్టుంది, దుమ్ము లేదు.

ఆదివారం దాకా చూస్తాను. ప్రకటన మాత్రం ఆపను. ఇదిగో, పూర్తి చేస్తున్నాను —

ప్లాస్టిక్ ఇటుకలతో కారు కట్టినవాళ్లందరికీ. బజారు ఇటుకలైనా సరే, పెట్టె ఇటుకలైనా సరే, రెండూ కలిసినా సరే. ఏ రంగైనా సరే. నగర్తపేట కల్యాణ మంటపం, భోజనాల హాలు. చెప్పులు బయట, కార్లు లోపల. ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకు రండి. గీత గీసి ఉంచుతాం.