కొలిచి కుట్టిన పేజీ

ప్రియమైన శ్రీవారికి,

నేను క్షేమం. ఫోన్ చేస్తే మీరు "ఆ? ఏంటి?" అనడం, నేను గొంతు చించుకోవడం, పక్క గదుల పిల్లలు తలుపులు తీసి తొంగిచూడటం, ఈ గోలంతా ఎందుకని ఉత్తరమే రాస్తున్నాను.

యూనివర్సిటీ అంటే ఏదో అనుకున్నాను. కుర్చీల కుట్లు ఊడి పీచు బయటికొస్తోంది, ఒక్కడికీ పట్టదు. ప్రోగ్రామింగ్ చెప్పే మాస్టారికి గడ్డం ఉంది కానీ వయసు లేదు. మొదటి రోజంతా కంప్యూటర్ చేత "నమస్కారం" అనిపించడానికే సరిపోయింది. తెర మీద ఆ మాట కనబడగానే ఆయన ముఖం చూడాలి, సొంత బిడ్డ మొదటిసారి నోరు విప్పినట్టు మురిసిపోయాడు. మర్నాడు అదే మాట వందసార్లు అనిపించాడు. ఈ మాత్రానికి కరెంటు దండగ.

నా పక్కన ఒక పిల్ల కూర్చుంటుంది. చెవుల మీద హెడ్‌ఫోన్లు తియ్యదు, నన్ను ఆంటీ అంటుంది. ఆ పిల్ల బూట్లు చూస్తే మీకు జ్వరం వస్తుంది. సోలు అట్టముక్క, కుట్టన్నదే లేదు, అంతా జిగురు. ఇలాంటి బూట్లతో తిరిగేవాళ్ళ మధ్య నేను పాఠం నేర్చుకోవాలి.

అయినా కూర్చుంటున్నాను. "కోర్సు అయ్యేలోపు నీ వెబ్ పేజీ చూసి కొత్త మనిషి ఒక్కడు మన బూట్ల కొట్టు గడప తొక్కితే మళ్ళీ నోరెత్తను. లేదంటే రెడీమేడ్ సరుకు దించుతా" అని మరిది నా ముఖం మీద నవ్వాడు కదా, ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా నాకు చదువు బాగా వస్తోంది. మందులు వేళకు వేసుకోండి.

ఇట్లు,
క్లాసులో అందరికంటే పెద్దదాన్ని,
మీ ఆవిడ

*

ప్రియమైన కాలేజీ అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. అక్కడివాళ్ళ బూట్ల గురించి రాయకు, ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

కొట్టు మామూలుగానే ఉంది. పొట్టి కాలాయన వచ్చి ఎడమ సోలు ఇంకాస్త ఎత్తు పెట్టించుకున్నాడు. వాచిన కాళ్ళావిడ వచ్చి నువ్వేదని అడిగింది. చదువుకోడానికి వెళ్ళిందంటే నమ్మలేదు, మీరిద్దరూ పోట్లాడుకున్నారా అంది. చిన్నప్పటి నుంచీ వచ్చేవాళ్ళే వస్తున్నారు. వాళ్ళ కాళ్ళ కొలతకి చెక్కిన చెక్క అచ్చులు గోడకి వేలాడుతున్నాయి, కొత్త అచ్చు చెక్కి ఎంత కాలమైందో నాకే గుర్తులేదు. తమ్ముడు అనేది అదే. నాన్న కొట్టు ఇద్దరికీ రాసిపోయాడు కాబట్టి వాడి మాట వినక తప్పదు.

నాకు మాత్రం ఈ పేజీల మీద గురి లేదు. కాలు చూడకుండా, పట్టుకోకుండా, గాల్లో బొమ్మ చూసి బూటు కొనేవాడు మనకెందుకు? వాడికి అట్ట బూట్లే సరి. నువ్వు సరదా తీరాక వచ్చెయ్. తోలు కత్తిరించడానికి నేను పెట్టుకున్నవాడు తోలుకీ గోనెసంచికీ తేడా తెలియని మహానుభావుడు.

ఇట్లు,
చెవిటి మొగుడు

*

ప్రియమైన శ్రీవారికి,

పేజీ తయారైంది. మాస్టారు అందరి పేజీలతో పాటు దాన్నీ నెట్‌లో పెట్టారు, ఇక ఎక్కడివాళ్ళైనా చూడొచ్చు.

ఎలా చేశానో వినండి. మిగతావాళ్ళు ఏదో ఉజ్జాయింపుగా చేస్తున్నారు. నేను మన కొలత టేపు తీసి తెరను అడ్డంగా, నిలువుగా కొలిచాను. ఆ కొలతకి ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేకుండా పేజీ కట్టాను. ఎడమ వైపు పైన కొట్టు పేరు, చిరునామా. దాని కింద మీరు పోయిన చలికాలం కుట్టిన గోధుమరంగు జత ఫొటో, అడ్డంగా పరిచినట్టు. ఎడమ బూటు ఎడమన, కుడి బూటు కుడిన. కుడి పక్కన మనం చేసే పనంతా రాశాను. చూస్తే కాలికి తొడిగినట్టుంది.

గడ్డం మాస్టారు టేపు చూసి నోరు తెరిచాడు. "అంకెలతో బిగించేయకండి. చూసేవాళ్ళ తెరను బట్టి పేజీ సాగాలి, ముడుచుకోవాలి" అన్నాడు. సాగేదీ ముడుచుకునేదీ మేజోడు, బూటు కాదు అన్నాను. క్లాసంతా నవ్వింది. ఎవరిని చూసి నవ్విందో నాకు తెలియదా, ఆయన్ని చూసే. హెడ్‌ఫోన్ల పిల్ల మాత్రం "ఫోన్‌లో ఒకసారి చూడండి ఆంటీ" అంది. నేను కట్టింది తెరకి, నీ ఫోన్‌కి కాదు అని చెప్పాను.

ఎవరైనా వచ్చారా? వెంటనే రాయండి.

ఇట్లు,
మీ పనిమంతురాలు

*

ప్రియమైన పనిమంతురాలికి,

ఎవరూ రాలేదు.

ఒకామె తలుపు తోసుకొచ్చింది, కొత్త మనిషేనని స్టూలు జరిపాను. పక్క వీధిలో పళ్ళ డాక్టరు ఎక్కడని అడిగి వెళ్ళిపోయింది.

తమ్ముడు రోజూ సాయంత్రం వచ్చి స్టూలు మీద కూర్చుని "ఇవాళ ఎంతమంది?" అంటాడు. వినపడనట్టు ఊరుకుంటాను, చెవుడు ఆ మాత్రం పనికొస్తోంది. నిన్న ఇనప అరలు చేసేవాడిని వెంటబెట్టుకొచ్చాడు. వాడు గోడ కొలిచాడు. కాలి అచ్చులు ఎక్కడ పెడతావురా అని తమ్ముణ్ణి అడిగితే, పొయ్యిలోకి పనికొస్తాయి అన్నాడు. నాన్న చెక్కినవి కూడా అందులోనే ఉన్నాయి. నాకు చాలా కష్టంగా ఉంది. నీకు కాకపోతే ఎవరికి చెప్పుకుంటాను?

ఇట్లు,
నీ వాడు

*

ప్రియమైన శ్రీవారికి,

నిన్న పరీక్షలాంటిది జరిగింది. ఒక్కొక్కరి పేజీ మాస్టారు తన ఫోన్‌లో తెరిచి, గోడ మీద పెద్దగా వేసి చూపించాడు. అందరివీ చక్కగా వచ్చాయి, ఏమీ చేతకాని సన్నాసులవి కూడా. నాది మాత్రం గోడ మీద సగమే పడింది. కొట్టు పేరు, చిరునామా, ఎడమ బూటు, అంతే. కుడి బూటూ నేను రాసినదంతా తెర దాటి ఎక్కడికో పోయాయి. ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళంతా ఫోన్లలో చూసింది ఆ ఒంటి బూటునే. ఈసారి క్లాసు నన్ను చూసి కూడా నవ్వలేదు, జాలిపడింది. నవ్వినా బాగుండేది.

సరిచేస్తే పాస్ చేస్తానన్నాడు. హెడ్‌ఫోన్ల పిల్ల హెడ్‌ఫోన్లు తీసి పక్కన కూర్చుంది. ఆ అట్ట బూట్ల పిల్ల దగ్గర వేలు పెట్టి చూపించుకుని, కొలతలన్నీ తీసేసి, పేజీ సాగేలా చేశాను. ఇప్పుడు ఏ ఫోన్‌లో చూసినా రెండు బూట్లూ కనబడతాయి. నాకు దాన్ని చూడబుద్ధి కావడం లేదు.

కోర్సు ముగింపుకొచ్చింది. కొట్టు మరిదికి ఇచ్చెయ్యండి. అచ్చులు మాత్రం ఇంటికి మోసుకురండి. నేనూ బయల్దేరుతాను.

ఇట్లు,
మీ ఆవిడ

*

ప్రియమైన నీకు,

అప్పుడే బయల్దేరకు. ముందు ఇది చదువు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తాళంచెవులు తమ్ముడి చేతిలో పెట్టానో లేదో, చంకకర్రతో ఒక మనిషి లోపలికొచ్చాడు. ఇంతకుముందెప్పుడూ చూడలేదు. ఏదో అడిగాడు, నాకు వినబడలేదు. ఫోన్ తీసి చూపించాడు. నీ పేజీయే. నువ్వు సరిచేయక ముందు ఫొటో తీసి దాచుకున్నాడట. మన ఎడమ బూటు ఒక్కటే ఉంది తెర మీద. నా చెవి దగ్గరికొచ్చి, "మీరు ఒక్క బూటు కూడా అమ్ముతారని చూసి వచ్చానండి" అన్నాడు.

అతనికి కుడి కాలు మోకాలి దగ్గర నుంచి లేదు. ఎడమ కాలికి బూటు కావాలంటే ప్రతిసారీ జత కొనుక్కోవాల్సిందే. నేనెన్ని రకాల కాళ్ళు పట్టుకున్నానో నీకు తెలుసు. ఒక్కటి అడిగేవాడు ఉంటాడని ఏనాడూ తోచలేదు.

కూర్చోబెట్టి కాలు కొలుస్తుంటే తమ్ముడు వెనక నుంచి, "ఒంటికాలివాడు సగం మనిషే, లెక్కలోకి రాడు" అన్నాడు. చెవిటివాణ్ణి, నాకే వినబడిందంటే అతనికి వినబడదా? అతను తల కూడా తిప్పలేదు. "మాలాంటివాళ్ళం చాలామందిమే ఉన్నాం బాబూ. ఇంకొకణ్ణి పంపిస్తాను, ఇద్దర్నీ కలిపి ఒకడి కింద రాసుకో" అన్నాడు. తమ్ముడు గోడ వైపు చూశాడు. నేను వాడి చేతిలోంచి తాళంచెవులు లాక్కున్నాను. వాడి ముఖం నువ్వు చూడాల్సింది, అదొక్కటే లోటు.

కొత్త అచ్చు చెక్కుతున్నాను. ఎడమది ఒక్కటే.

పేజీలో రెండు బూట్లూ కనబడనీ, నువ్వు పాసవ్వు. పైన మాత్రం పెద్ద అక్షరాలతో ఒక్క బూటైనా కుట్టి ఇస్తామని రాయి. ఇంకొకటి ఉంది. వెళ్తూ వెళ్తూ అతను నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. ఇన్నేళ్ళుగా కొన్న జతల్లో కుడి బూట్లన్నీ కొత్తగా, పెట్టెల్లోనే ఉన్నాయట, పారెయ్యడానికి మనసు రాలేదట. ఎడమ కాలు లేనివాళ్ళు ఎవరైనా ఉంటే ఇచ్చేస్తాడట. అలాంటివాళ్ళు ఒకరికొకరు దొరికేలా మన పేజీలో ఏదైనా చేయొచ్చా అని అడిగాడు.

మా ఆవిడకి వచ్చు అన్నాను. నీకు రాకపోతే, ఆ పిల్ల దగ్గర కూర్చుని అది కూడా నేర్చుకున్నాకే రా.

ఇట్లు,
నీ వాడు