మెట్టతామర గింజ మింగిన సాయిలు రాసిచ్చిన కాగితం

చందానగర్ల బొంబాయి రోడ్డు పక్కన ఉండే రాజయ్య కొడుకు సాయిలు, వయసు పదిహేను, చదువు మూడో తరగతి సగం, పూర్తి తెలివితో, ఎవరి బలవంతం లేకుండ, ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకొని రాసిన వీలునామా. మా తాతది చదివిననాడు గిట్లనే మొదలుపెట్టిన్రు.

కారణమేమనగా, మెట్టతామర గింజ ఇనుపగుండు లెక్క ఉంటది. పెంకు గీకి, వేడినీళ్లల్ల నానేసి, ఎండ తగిలే జాగల పెడితేనే మొలుస్తదని పక్కింటి భ్రమరాంబమ్మగారు చెప్పింది. ఆకురాయి దొరకలే, పంటితోని గీకిన. జారి లోపలికి పోయింది. తెల్వక దాని మీద వేడి చాయ్ తాగిన. పొద్దుందాక ఎండల నిలబడి గడ్డి పీకిన. ఇగ దానికేం తక్కువ? మొలుస్తది. నేను పోత. నోటితోని చెప్పాలంటే సిగ్గు, అందుకే కాగితం.

1. గోడ పొడుగూత నేను పెంచిన ఎర్ర మెట్టతామర మడి, పదకొండు కుదుళ్లు, మా నాయనమ్మ సత్తెమ్మకు చెందవలెను. పూలు అయిపోయిన కాడను మొదలుకంట కొయ్యాలె, పక్కనుంచి కొత్తది లేస్తది. నాయనమ్మా, పోయినేడు వేడి గంజి పోసి మూడు కుదుళ్లను సంపినవు. మాఫ్ చేసిన. మళ్ల పొయ్యకు.

2. ఎదురింటి సక్కుబాయి మేకకు ఏమియు లేదు. రెండుసార్లు మొగ్గలు తిన్నది. "ఎర్రగ కనవడితే దానికి నోరాగదు బిడ్డా" అని సక్కుబాయి నవ్వింది. మేకకు గాని, దాని పిల్లలకు గాని, వాటి వారసులకు గాని ఈ మడి మీద ఎట్టి హక్కు లేదు.

3. "పూలు పెంచుతున్నవ్, రేపు గాజులు తొడుక్కుంటవారా?" అన్న మా చిన్నాయనకు నా పార. ఎండల ఒక్క గంట తవ్వితే ఆయనకే తెలుస్తది.

4. భ్రమరాంబమ్మగారి బిడ్డ నాగేశ్వరికి నాలుగో కుదురు గడ్డ. అన్నిట్ల ఎర్రగ పూసేది అదే. పువ్వే ఇద్దామనుకున్న, కాని కోస్తే చేతులనే వాడుతది, జడల ఆగదు. గడ్డయితే ఏటేట పూస్తది. ఒకనాడు ఆమె గోడ అవతలనుంచి "మీ పూలు భలే ఉన్నాయండీ" అన్నది. నేను బకీట్ల తల పెట్టిన. ఈ సంగతి ఆమెకు తెలియరాదు. గడ్డ గోడ మీద పెట్టి పారిపోవలెను.

5. ఇవన్ని జరిపించే పని నా దోస్తు రామచంద్రంకు అప్పజెప్పిన. వానికి చదువు రాదు. అందుకే నమ్మకం.

తేది: 1974 జూన్, రెండో బేస్తారం.
సంతకం: సాయిలు (ఇంక మొలవలే)

మొదటి సాక్షి: సత్తెమ్మ, వేలిముద్ర. రేషన్ కాగితమనుకొని వేసింది.

రెండో సాక్షి: నాగేశ్వరి. రామచంద్రం చదివి చెప్పమని తెచ్చాడు, మొత్తం చదివాను. గింజ కడుపులో మొలవదండీ. దుంప గోడ మీద పెట్టి పారిపోకండి, చేతికివ్వండి.