సన్నదా, లావుదా

మంగళవారం, మిర్యాలగూడ

నిద్ర రావడం లేదు. సాయంత్రం నాన్నతో సూర్యాపేట వెళ్లి లాప్‌టాప్‌లు చూశాను. సన్నదానికి ధర ఎక్కువ, పైగా పెన్‌డ్రైవ్ పెట్టే చోటే లేదు. లావుదానిలో అన్నీ ఉన్నాయి, చవక కూడా. కానీ రోజూ కాలేజీ బస్సులో మోయాలి.

రేటు విని నాన్న కసురుకుంటాడనుకున్నాను. రైస్‌మిల్లు గుమాస్తా కదా, "సన్న బియ్యానికి రేటెక్కువే ఉంటది బిడ్డా," అన్నాడు. సన్న లాప్‌టాప్ మూత అంచు వేళ్లతో నొక్కి చూసి, "కాని సన్నయే జల్ది ఇరిగి నూకైతయ్," అని గొణిగాడు.

నిజమే. బస్సులో నా బ్యాగు మీద ఎవరైనా కూలబడితే?

లావుదే చాలని దారంతా చెప్పాను. కానీ సన్నదాన్ని నేను చేతిలోకి తీసుకున్నప్పుడు నాన్న చూసింది లాప్‌టాప్‌ను కాదు, నా మొహాన్ని. ఇక నేనేం చెప్పినా నమ్మడు.