గడి ముందు నేను కొట్టిన డప్పు

మల్లన్నా,

నిన్ను చంపింది మన ఊరి దొర. పోయిన జాతరనాడు వెట్టికి రానన్నావని కోటలాంటి తన గడిలోకి ఈడ్పించి కొట్టించాడు. ఆ సంగతి తెలియక బయట డప్పు కొట్టినవాణ్ణి నేనే. "ఇంకా గట్టిగ కొట్టుర్రి బే, దొర ఇనాలె!" అని దొర మనిషి అరిస్తే సంబరమనుకున్నాను. నా చప్పుడు దేన్ని కప్పిందో తెల్లారి నీ శవాన్ని చూశాకే తెలిసింది.

ఈ ఏడూ డప్పులకు గడి నుంచి కబురొచ్చింది. సూర్యాపేట నుంచి వెట్టి మానమనే కరపత్రాలు తెచ్చి నేనెన్ని చదివి వినిపించినా, దొరకు ఎదురుచెప్పడానికి మనవాళ్లు కదల్లేదు. అమ్మ ఒక్క మాటన్నది: "గా సప్పుడు జేసి నా కొడుకును మళ్ల సంపుతర్రా?" అంతే, తోలు బిగిసేలా డప్పులు కాచేందుకు ఎవరూ గడ్డి మంట వేయలేదు.

రేపే జాతర. పొద్దుగూకే వేళకు అందరం వట్టి చేతులతో గడి ముందు నిలబడతాం. ఈసారి లోపల ఎవరు మూలిగినా మాకు వినబడాలి. నువ్వూ ఆ వేళకు రా, అన్నా.